వరాలత్త గొంతు

1962 మార్చి 14, బుధవారం, సాయంత్రం నాలుగూ ఇరవై. వరండాలో గోడగడియారం కింద నిలబడి పగటి నర్సు దగ్గర నుంచి డ్యూటీ అందుకుంటున్నాను కాబట్టి ఆ సమయంలో నాకు సందేహం లేదు. గేటు దగ్గర కేకలు వినిపించి తల తిప్పేసరికి ఒక ఆడమనిషి పిల్లని భుజాన వేసుకుని పరుగెత్తుకొస్తోంది. వెనక మరో నలుగురు. అయిదుగురి చీరలూ ఎర్రటి మిరప దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

గుంటూరు నుంచి అద్దంకి వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊళ్ళోని మిషను ఆసుపత్రి మాది. ముప్ఫై మంచాలు, ఒక డాక్టరుగారు, నలుగురు నర్సులం. ఫిబ్రవరి నుంచి మే దాకా మిరపకాయల కాలం. కాయలు వ్యాపారుల కొట్లకి, అంటే గోదాములకి, చేరాక ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని ముచ్చికలు తీస్తారు. ముచ్చిక అంటే కాయ తొడిమ. రోజంతా ఆ ఘాటులో కూర్చుంటే కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు, చొంగ, చెమట, దగ్గు, కడుపులో వికారం అన్నీ మామూలే. వాళ్ళెవరూ దాన్ని జబ్బు అనుకోరు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఒక మనిషి ప్రాణం దీని మూలంగానే పోయింది.

పిల్ల పేరు కుమారి. అయిదేళ్ళు. తల్లి ధనమ్మ పిల్లని మంచం మీద పడుకోబెట్టి, "ఘాటు పట్టింది సిస్టరమ్మా, నీడన పడుకోబెట్టినా తగ్గలా" అంది. నోటి నుంచి నురగ కారుతోంది. గౌను చెమటతో తడిసిపోయింది. కనురెప్పలు, పెదవుల చివరలు వాటంతట అవే అదురుతున్నాయి. డాక్టరుగారు టార్చి వేసి కంటి రెప్ప ఎత్తారు. ప్యూపిల్, అంటే నల్లగుడ్డు మధ్య ఉండే రంధ్రం, గుండుసూది మొనంత అయిపోయింది. పిన్ పాయింట్ అంటాం. మిరప ఘాటుకి కళ్ళు ఎర్రబడతాయి గాని ఆ రంధ్రం అలా మూసుకుపోదు. ఆయన పిల్ల నోటి దగ్గర వాసన చూశారు. "పురుగుమందు. లోపలికి వెళ్ళింది" అన్నారు.

పత్తి మీదా మిరప మీదా కొట్టే ఆ మందు మా వైపు ఊళ్ళలోకి అప్పుడప్పుడే వస్తోంది. ఆ మాట వినగానే ధనమ్మ బావురుమని పిల్ల మీద పడింది. వెనకనున్న అనంతమ్మ అనే పెద్దావిడ మాత్రం, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న కబురు అందినట్టు తల ఊపి, "వరాలత్త అన్నంత పనీ చేసింది" అంది.

ఆ వరాలత్త ఎవరో నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట నాకు అర్థం కాలేదు. అప్పట్లో ఒక వారపత్రికలో వస్తున్న సీరియల్లో మనిషి ఆవిడ. పిల్లల్లేని ఇల్లాలు. మరిది పిల్లలకి తన చేత్తో పాలిచ్చి, ఆ పాలలో రోజుకింత విషం కలుపుతూ ఉంటుంది. నేనూ ప్రతి వారం చదివేదాన్ని. కాగితం మీద ఉన్న మనిషి మా ఊరి మిరపకాయల కొట్లోకి ఎలా వచ్చింది?

ముందు పిల్ల పని చూశాం. స్టమక్ వాష్, అంటే ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడగడం. తర్వాత ఆట్రోపిన్ ఇంజక్షన్లు. ఆ పురుగుమందుకి అదొక్కటే విరుగుడు. ఒకటి ఇచ్చి ఊరుకోకూడదు. నోరు ఎండి, మొహం ఎర్రబడి, కంటి రంధ్రం విచ్చుకునేదాకా ఇస్తూనే ఉండాలి. నురగ తీస్తూ, టార్చి వేసి చూస్తూ, మళ్ళీ ఇస్తూ తెల్లవార్చాం. ఉన్న ఆంప్యూళ్ళలో, అంటే ఇంజక్షన్ మందుండే చిన్న గాజు సీసాల్లో, మూడు మాత్రం మిగిలాయి. పొద్దున్నే మంచినీళ్ళు కావాలని కుమారి ఏడిస్తే, ఆ ఏడుపు నాకు పాటలా వినిపించింది. గురువారం నాడే గుంటూరుకి మందుల కోసం రాసి పంపాం.

బుధవారం సాయంత్రమే, పిల్ల ఏం తిన్నది, ఏం తాగింది అని డాక్టరుగారు అడిగితే అయిదుగురూ ఒకే గొంతుతో చెప్పారు: కాశింబి పోసిన మజ్జిగ.

కాశింబి వాళ్ళ వరసలోనే పదకొండు మిరప కాలాలుగా ముచ్చికలు తీస్తున్న మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. రెండు గేదెలున్నాయి. ఎండలు ముదిరాక రోజూ ఒక కుండలో పెరుగు తెచ్చి, కొట్లో నీళ్ళు కలిపి, ఉప్పు వేసి వరస మొత్తానికి పోస్తుంది. పైసా తీసుకోదు. కుమారి అంటే ఆమెకి ప్రాణం. మొదటి గ్లాసు ఆ పిల్లదే.

"నా బిడ్డకి ముందు పోసింది. తాగాక, ఇంకొంచెం తాగమ్మా అని మళ్ళీ పోసింది. అదే నవ్వు, అదే గొంతు. తను మాత్రం చుక్క ముట్టుకుందేమో అడగండి" అంది ధనమ్మ.

"ఎందుకు ముట్టలేదు?"

"ఉపవాసమంట. పండగ వెళ్ళి వారమైందిగా, ఇంకేం ఉపవాసం?"

మజ్జిగలో నీళ్ళెక్కడివని నేనే అడిగాను. బావి నీళ్ళే, రోజూ అవేగా, అన్నారు. అది నిజమే. నీళ్ళు బావివే.

గురువారం పదిగంటలకి కాశింబి వచ్చింది. వార్డు గుమ్మం దాటలేదు. రెండు చేతులూ చాచి, అరచేతులు నాకు చూపించి నిలబడింది.

"ఏమీ తేలేదు సిస్టరమ్మా. చేతులు కడుక్కునే వచ్చాను. దూరం నుంచి ఒక్కసారి చూసి పోతాను."

ఉపవాసం సంగతి అడిగాను. రంజాను పండగ అయిపోయాక ఆ నెలలోనే మరో ఆరు రోజులు ఉండే ఆచారం ఉందనీ, అందరూ ఉండరనీ, భర్త పోయినప్పటి నుంచి తను ఉంటోందనీ చెప్పింది. బుధవారంతో ఆరూ పూర్తయ్యాయట. మరి ఆ మాట వాళ్ళతో చెప్పావా అన్నాను. "చెప్పానమ్మా. పండగ కూడా మా కోసం పెంచుకున్నావా అని నవ్వారు" అంది.

ఇంతలో ధనమ్మ మంచం దగ్గర నుంచి లేచింది. "దాన్ని లోపలికి రానిచ్చారంటే బిడ్డని తీసుకుని ఇప్పుడే పోతాను. వచ్చి మిగిలిన మజ్జిగ కూడా పోసి వెళ్ళు, వరాలత్తా." వార్డులో ఆడవాళ్ళంతా తలలెత్తి చూశారు. కాశింబికి అలవాటో, భయమో, ఆ మాటకి కూడా కొంచెం నవ్వింది. చూశారా ఆ నవ్వు, అన్నారెవరో. నాకు ఒళ్ళు మండింది. అందరినీ నోరు మూసుకోమని గదమాయించాను. కాశింబి అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ధనమ్మతో వాదించాను. నేను ఏది చదివినా పూర్తిగా చదివే మనిషిని. ఆ సీరియల్లో వరాలత్త పొడుగాటి మనిషి, బొడ్లో తాళాలగుత్తి, గట్టిగా మాట్లాడి పనివాళ్ళని హడలగొడుతుంది. నవ్వుతుందని ఒక్కచోట కూడా రాయలేదు. కాశింబి పొట్టిమనిషి, పక్కనున్న వాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడుతుంది. ఆమెకీ ఈమెకీ పోలిక ఎక్కడుందని అడిగాను.

"మీరు తొందరగా చదివేసుంటారు సిస్టరమ్మా. మేం ప్రతి వారం విన్నాంగా. అచ్చం కాశింబే" అంది ధనమ్మ, నామీద జాలిపడుతూ.

హెడ్ కానిస్టేబులు వచ్చాడు. కొట్టుకి వెళ్ళి కాశింబి కుండ పట్టుకొచ్చి, పరీక్షకి గుంటూరు పంపాలన్నాడు. కుండ ఒక్కటే తెచ్చాడు. మా డాక్టరుగారి దగ్గర కాఫీ తాగుతూ, ఆ సీరియల్ తన ఇంట్లోనూ చదువుతారనీ, రాసినవాడు లోకం తెలిసినవాడనీ మెచ్చుకున్నాడు. కాశింబి మీద కేసు రాయలేదు. రాయాల్సిన పని లేకపోయింది. శుక్రవారం వరసలోని ఆడవాళ్ళు ఆమె పక్కన తాము కూర్చునేది లేదని మేస్త్రీతో చెప్పేశారు. మేస్త్రీ అంటే యజమాని తరఫున కూలీలని చూసే మనిషి. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె గేదెల పాలు ఎవరూ పోయించుకోలేదు. గోడ మీద బొగ్గుతో వరాలత్త ఇల్లు అని రాశారు. శనివారం గేదెలని వచ్చిన బేరానికి ఇచ్చేసి, వేటపాలెంలో జీడిపప్పు పని చేసుకునే చెల్లెలి దగ్గరకి బస్సెక్కింది. ఆ రోజే కుమారిని ఇంటికి పంపించాం.

సోమవారం, మార్చి 19. పదకొండు దాటాక మళ్ళీ అదే కొట్టు నుంచి ఒక బండి వచ్చింది. బండిలో ఇద్దరు. ఒకరు అనంతమ్మ, కూర్చోగలుగుతోంది. రెండో మనిషి ధనమ్మ. నోటి నిండా నురగ. టార్చి వేశాను. పిన్ పాయింట్.

ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే, తొమ్మిదింటి నుంచి వాంతులవుతున్నాయని బండిలో వచ్చిన పిల్ల చెప్పింది. ఆ పిల్ల పేరు రాహేలు, ఇరవై ఏళ్ళుంటాయి, బుధవారం వచ్చిన అయిదుగురిలో తనూ ఉంది. రెండు గంటలసేపు ఏం చేశారని అరిచాను. ఘాటనుకున్నాం, నీడన పడుకోబెట్టాం, అంది. పోయిన బుధవారమే చూశారు. అయినా మళ్ళీ ఘాటే అనుకున్నారు. విషం పెట్టే మనిషి ఊళ్ళో లేదు కాబట్టి విషం కూడా లేదని వాళ్ళ లెక్క.

ఉన్న మూడు ఆంప్యూళ్ళూ ధనమ్మకే ఇచ్చాం. గుంటూరుకి మనిషిని తరిమాం. రాసి పంపిన మందులు అప్పటికింకా రాలేదు. గొంతులో నురగ తీస్తూ కూర్చున్నాను. తీసినకొద్దీ ఊరుతోంది. ఒంటిగంటా పది నిమిషాలకి ఊపిరి ఆగిపోయింది. అనంతమ్మ తక్కువ తాగింది కాబట్టి బతికింది.

ఏం తాగింది? డాక్టరుగారు ఈసారి గుంపుని అడగలేదు. రాహేలుని ఒక్కదాన్నే గదిలోకి పిలిచి, పొద్దున లేచిన దగ్గర నుంచి ధనమ్మ నోట్లోకి ఏమేం వెళ్ళాయో వరసగా చెప్పమన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఇంట్లో చద్దన్నం. అది పిల్లా మొగుడూ కూడా తిన్నారు, వాళ్ళు బాగానే ఉన్నారు. కొట్లో నీళ్ళు.

"నీళ్ళు దేనిలోవి?"

"డబ్బాలోవండి. నీళ్ళ కుండ పగిలిందని పోయిన మంగళవారం మేస్త్రీగారు మూత డబ్బా తెచ్చారు."

"అందులో ముందు ఏముండేది?"

రాహేలు మొహం తెల్లబోయింది.

ఆ కొట్టు యజమాని మిరపకాయలు కొనడమే కాదు, రైతులకి పురుగుమందు కూడా అప్పిచ్చేవాడు. ఖాళీ డబ్బాలు గట్టివి, బిగువైన మూతలవి. ఊళ్ళో సగం ఇళ్ళలో వాటిలోనే కందిపప్పు పోసుకునేవారు. డాక్టరుగారూ నేనూ వెళ్ళేసరికి డబ్బా కొట్టు మూల నీడలోనే ఉంది, నీళ్ళతో సహా. మంగళవారం సాయంత్రం నింపారు, బుధవారం మజ్జిగలో కలిసింది. ఆదివారం సెలవు కాబట్టి శనివారం పోసిన నీళ్ళు సోమవారం దాకా అందులోనే నానాయి. రేకు అతుకుల్లోంచి దిగిన మందు పైకి తేలింది. ముందు ముంచుకున్న వాళ్ళకి ఎక్కువ. బుధవారం ముందు తాగింది ముద్దుపిల్ల. సోమవారం ముందు తాగింది అందరికంటే పెందలాడే వచ్చిన ధనమ్మ. తర్వాత తాగిన వాళ్ళకి తల తిరిగింది, చొంగ కారింది, చెమటలు పోశాయి. మిరపకాయల మధ్య కూర్చున్న వాళ్ళకి అవన్నీ రోజూ ఉండేవే.

"చింతపండేసి తోమించానండి. బూడిదేసి కూడా తోమించా. తళతళ్ళాడింది" అన్నాడు మేస్త్రీ.

"నువ్వు తాగావా ఆ నీళ్ళు?" అన్నాను.

"నాకు వేరే కూజా ఉందిగా."

ఆ మాట అనడానికి అతనికి సిగ్గు కూడా వేయలేదు. సాయంత్రం యజమాని వచ్చి, ఎండలు ముదిరాయి కదా, వడదెబ్బ అని రాస్తే చనిపోయిన మనిషికి కూడా మర్యాదగా ఉంటుందని డాక్టరుగారికి నచ్చచెప్పబోయాడు. ఆయన పురుగుమందనే రాశారు. ఆ కాగితం వల్ల ఏమీ జరగలేదు. మర్నాడు పోలీసులు వెళ్ళేసరికి డబ్బా లేదు. హెడ్ కానిస్టేబులు మాత్రం కుండ సంగతి మర్చిపోలేదు. గుంటూరు నుంచి జవాబొచ్చిందట, మజ్జిగలో మందు ఉందట. ఎందుకుండదు? ఆ డబ్బా నీళ్ళేగా కలిపింది. ఆ మాట ఊళ్ళో చెప్పి రమ్మంటే, "చెప్తాలెండి సిస్టరుగారూ, ఇప్పుడేం తొందర, ఆమె ఊళ్ళో లేదుగా" అన్నాడు.

రాహేలు ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. అనంతమ్మ మంచం దగ్గరే కూర్చుని ఉంది. వరసలో ఎనిమిదో తరగతి దాకా చదివింది ఆ పిల్ల ఒక్కతే. మధ్యాహ్నం పూట సీరియల్ చదివేది తనే. చదువుతున్నంతసేపూ ఆమె కూలి పోకుండా ప్రతి ఆడదీ తాను ముచ్చిక తీసిన కాయల్లోంచి ఒక గుప్పెడు ఆమె కుప్పలో వేస్తుంది. బాగా చదివితే రెండు గుప్పెళ్ళు. అంత మంచి ఏర్పాటు నేను ఏ పనిలోనూ చూడలేదు. అంత మంచి ఏర్పాటు ఇంత పని చేసింది.

వరాలత్త నవ్వుతుందని ఎక్కడ రాశారో చూపించమని అడిగాను. తల దించుకునే చెప్పింది.

"రాయలేదండి. ఒక్కొక్కరికి ఒక్కో గొంతు పెట్టి చదివితే నవ్వుతారు, గుప్పెళ్ళు ఎక్కువ పడతాయి. సీరియల్లో రాజుబాబుకి మేస్త్రీ గొంతు, అందులో పంతులుకి మా పాస్టరుగారి గొంతు. వరాలత్తకి ఎవరిదీ కుదరలా. కాశింబక్క మజ్జిగ పోసేటప్పుడు అంటుంది కదా, ఇంకొంచెం తాగమ్మా అని, అది పెట్టా. ఆ మాట పుస్తకంలో లేదు, నేనే కలిపా. అందరూ పడీపడీ నవ్వారు. కాశింబక్క కూడా నవ్వింది. ఏమే, నా గొంతు అమ్ముకుంటున్నావా అంది."

"బుధవారం ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"అందరూ అచ్చం కాశింబే అంటుంటే, నాకూ అచ్చం అలాగే అనిపించిందండి."

కొట్టబోయి చెయ్యి దించుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ జవాబు గుర్తుకొస్తే నా రక్తం మరుగుతుంది. కాశింబిలో వరాలత్త గుణాలు ఎవరికీ కనిపించలేదు. కాశింబి గొంతూ, నవ్వూ, పోసే చేయీ తీసుకెళ్ళి వరాలత్తకి పెట్టారు. వారం వారం విని నవ్వుకున్నారు. తర్వాత వాటినే కాశింబిలో చూసి దొరికింది దొంగ అన్నారు. ఇంకొంచెం తాగమ్మా అనని మనిషి ఎవరు మజ్జిగ పోసేవాళ్ళలో? మా అమ్మ అనేది. ధనమ్మ కూడా కుమారితో రోజుకి పదిసార్లు అనే ఉంటుంది.

అసలు సంగతి ఊరంతా తెలిశాక మార్పు వచ్చిందని మీరనుకోవచ్చు. అనంతమ్మ మంచం మీద కూర్చుని గంజి తాగుతూ నాతో అన్న మాట ఇది: "డబ్బానేమో అనుకో సిస్టరమ్మా. అయినా ఆ నవ్వు ఎందుకు నవ్వాలి?" గోడ మీది బొగ్గు రాత వానలొచ్చేదాకా ఉంది. వరసలో చదువు ఆగలేదు. నేను మాత్రం ఆ సీరియల్ ఆ వారంతో మానేశాను. వరాలత్త చివరికి ఏమైందో నాకు తెలియదు.

జూన్‌లో సెలవు పెట్టి వేటపాలెం వెళ్ళాను. కాశింబి జీడిగింజలు కొట్టే పాకలో కూర్చుని ఉంది. జీడి సొన తగిలి వేళ్ళ చర్మం నల్లగా లేచిపోయింది. జరిగిందంతా చెప్పాను. డబ్బా సంగతి వింటూ గింజలు కొడుతూనే ఉంది. ధనమ్మ సంగతి విని ఏడ్చింది. కుమారి ఎవరి దగ్గర పడుకుంటోందని అడిగింది. తిరిగి రమ్మన్నాను, నేను నాలుగు వీధుల్లో నిలబడి చెబుతానన్నాను.

"ఏం చెప్తారమ్మా? నేను వరాలత్తని కాదనా? మీరు ఆ పేరెత్తినా నేనే గుర్తొస్తాను వాళ్ళకి."

ఎండలో వచ్చాను కదా, దాహం వేసింది. నీళ్ళడిగాను. పాకలో కుండ ఆమెకి చేతికందే దూరంలో ఉంది. చెల్లెల్ని పిలిచి, "సిస్టరమ్మకి నీళ్ళియ్యి" అంది.

తర్వాత ఇరవై ఏడేళ్ళు నర్సుగా పనిచేశాను. విషం తాగిన వాళ్ళని ఎంతోమందిని చూశాను. గుంపుగా వచ్చినవాళ్ళు ఒకే గొంతుతో ఒక పేరు చెబితే, ఆ పేరు పక్కన పెట్టి ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ, అది దేనిలో ఉన్నదీ అడిగేదాన్ని. నా దగ్గర శిక్షణ పొందిన పిల్లలకి కూడా అదే నేర్పాను. ఫలానా మనిషి అచ్చం ఫలానా కథలో మనిషే అని ఎవరన్నా అంటే, ఆ కథ నీకు ఎవరు చెప్పారు, ఎవరి గొంతుతో చెప్పారు అని ఈ వయసులో కూడా అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. రానీ.

పోయినవి ఇవి. ధనమ్మ, ఇరవై ఆరేళ్ళు, ప్రాణం. కుమారి, అయిదేళ్ళు, తల్లి. కాశింబి, నలభై రెండేళ్ళు: పదకొండు కాలాలు కూర్చున్న చోటు, ఇల్లు, రెండు గేదెలు, పేరు, మనిషికి తన చేత్తో గుక్కెడు నీళ్ళిచ్చే ధైర్యం. యజమాని, ఒక రేకు డబ్బా. మేస్త్రీ, రాహేలు, అనంతమ్మ, హెడ్ కానిస్టేబులు, వరసలోని మిగతా ఆడవాళ్ళు: ఏమీ లేదు.